కొట్టులో కంప్యూటర్ మొరాయిస్తే ఏం చేయాలి: డేటా పోకుండా పాత సిస్టమ్‌ని మళ్లీ నడిపించుకోవడం

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం... దక్షిణ ఒడిశాలో ఊరేదైనా, కొట్టు నడుపుకునే మన తెలుగువాళ్లు అడిగేది ఒకటే. "సిస్టమ్ బాగా స్లో అయిపోయింది. బిల్లు కోసం కస్టమర్ నిలబడి చూస్తున్నాడు. ఫార్మాట్ కొట్టించాలా, కొత్తది కొనాలా?" ఈమధ్య దీనికి ఇంకో ప్రశ్న తోడైంది: "విండోస్ 10 ఆగిపోయిందట కదా, మన సిస్టమ్ ఇంక పనికిరాదా?"

చాలా కొట్లలో కొత్తది కొనాల్సిన పని లేదు. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేస్తే, అవసరమైతే కొంచెం ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే మెమరీ) పెంచితే, ఇంకో రెండు మూడేళ్లు హాయిగా నడుస్తుంది. అయితే పని చేసే వరస ముఖ్యం. మెకానిక్ వచ్చి ఫార్మాట్ కొట్టేశాక "మరి బిల్లులూ లెక్కలూ ఉన్న టాలీ డేటా ఎక్కడుంది?" అని అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. కింద చెప్పిన వరస మార్చకండి. ఇది ఒకటి రెండు కంప్యూటర్లున్న కొట్టు కోసం రాసింది. బట్టల షాపు, మందుల షాపు, అప్పడాల తయారీ, జెరాక్స్–డీటీపీ సెంటర్, ఏదైనా సరే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.
- విండోస్ ఇన్‌స్టాల్ చేయడానికి కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, ఖాళీదే తీసుకోండి.
- 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. బిల్లింగ్‌కి 240 లేదా 256 జీబీ చాలు. ఫొటో స్టూడియో, డీటీపీ అయితే 500 జీబీ.
- స్టార్ స్క్రూడ్రైవర్, ఒక సాటా కేబుల్ (డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపేది).
- సీఆర్ 2032 బటన్ సెల్. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.
- ఒక నోటుపుస్తకం. పాస్‌వర్డ్‌లు, లైసెన్స్ నంబర్లు, ప్రింటర్ మోడల్, అన్నీ అందులోకి. దాన్ని కౌంటర్ మీద వదలొద్దు, బీరువాలో పెట్టండి.

రోజు కూడా చూసుకోండి. నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసేవాళ్లకి జీఎస్టీఆర్–1 (అమ్మకాల రిటర్న్) గడువు 11వ తేదీ, 3బీ (పన్ను కట్టే రిటర్న్) గడువు 20వ తేదీ. ఆ రెండు తేదీల దగ్గర్లో సిస్టమ్ విప్పొద్దు. కొట్టు సెలవు రోజున పొద్దున్నే మొదలుపెట్టండి.

1. ముందు జబ్బేమిటో చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ భాగానికి వెళ్లండి. సిస్టమ్ ఆన్ చేసి పది నిమిషాలైనా డిస్క్ 100 శాతం దగ్గరే ఉండి, సీపీయూ (ప్రాసెసర్) మాత్రం 20, 30 దగ్గర తిరుగుతుంటే తప్పు హార్డ్ డిస్క్‌ది. మెమరీ 90 దాటి ఉంటే ర్యామ్ చాలడం లేదు. సీపీయూ ఎప్పుడూ 100లో ఉంటే ప్రాసెసెస్ భాగంలో ఏ ప్రోగ్రామ్ తింటోందో పేరు కనిపిస్తుంది. ముక్కూ మొహం తెలియని పేరైతే వైరస్ ఉందేమోనని అనుమానించండి. రెండు యాంటీవైరస్‌లు కలిసి ఉన్నా ఇదే గోల. ఒకటి తీసేయండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ మామూలు కొట్టుకి సరిపోతుంది.

తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూడండి. డిస్క్ ఆరోగ్యం "గుడ్", "కాషన్", "బ్యాడ్" అని ఒక్క మాటలో చెబుతుంది. "కాషన్" అని పసుపు రంగు కనబడితే డీఫ్రాగ్, చెక్‌డిస్క్ లాంటి డిస్క్ సర్దే, సరిచేసే ప్రోగ్రామ్‌లేవీ దాని మీద నడపొద్దు. చావుకి సిద్ధంగా ఉన్న డిస్క్‌ని అవి ఇంకా శ్రమ పెడతాయి. నేరుగా రెండో అడుగుకి వెళ్లండి. టిక్ టిక్ మని శబ్దం వస్తుంటే మాత్రం వెంటనే ఆపేయండి. అందులో ఉన్నది నిజంగా విలువైనదైతే డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికే తీసుకెళ్లాలి. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడటం వల్ల ఉన్న అవకాశం కూడా పోతుంది.

ఇంకో చిన్న జబ్బు ఉంది. దీనికి ఎంతోమంది అనవసరంగా ఫార్మాట్ కొట్టిస్తారు. కరెంటు పోయి వచ్చాక గడియారం పాత ఏడాదికి వెళ్లిపోతుంది. అప్పుడు బ్రౌజర్‌లో జీఎస్టీ సైటూ, బ్యాంకు సైటూ "కనెక్షన్ సురక్షితం కాదు" అంటూ తెరుచుకోవు. బిల్లు మీద కూడా తప్పు తేదీ పడుతుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బటన్ సెల్ అయిపోవడమే దీనికి కారణం. సీఆర్ 2032 మార్చి, తేదీ సరిచేస్తే అయిపోతుంది.

2. డేటా నకలు తీయండి

ఈ అడుగుకే ఎక్కువ టైమ్ పెట్టండి. మిగిలినవన్నీ తప్పు జరిగినా మళ్లీ చేసుకోవచ్చు, దీనికి మాత్రం రెండో చాన్స్ ఉండదు.

డేటా ఒకచోటే ఉండదు. ఎక్కడెక్కడ దాక్కుంటుందో చూడండి:

- బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ డేటా ఫోల్డర్. ఇది చాలాసార్లు సి డ్రైవ్‌లోనే ఉంటుంది. "డి డ్రైవ్ ముట్టుకోను, భయం లేదు" అని మెకానిక్ అన్నా నమ్మి ఊరుకోవద్దు.
- డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్.
- ఔట్‌లుక్ వాడితే మెయిళ్లుండే పీఎస్‌టీ ఫైలు.
- బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు.
- ఫాంట్స్ ఫోల్డర్. డీటీపీ వాళ్లు దీన్నే మర్చిపోతారు, తర్వాత పాత పెళ్లికార్డులన్నీ పిచ్చి గీతల్లా తెరుచుకుంటాయి.
- స్కానర్, ప్రింటర్, వేలిముద్ర యంత్రాల డ్రైవర్ ఫైళ్లు.

టాలీ ప్రైమ్ వాడేవాళ్లు ఆల్ట్, వై కలిపి నొక్కితే డేటా మెనూ వస్తుంది. అందులో బ్యాకప్ ఎంచుకుని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఆరోజు తేదీ పేరుతో పెట్టిన ఫోల్డర్‌లోకి తీయండి. పాత టాలీ ఈఆర్‌పీ 9లో ఆల్ట్, ఎఫ్3 నొక్కితే ఇదే వస్తుంది. బ్యాకప్ ఫైలుతోపాటు అంకెల పేరున్న అసలు డేటా ఫోల్డర్‌ని కూడా, టాలీ మూసేశాక, విడిగా కాపీ చేసి పెట్టుకోండి. రెండు దారులుంటే ఒకటి మూసుకుపోయినా ఇంకోటి ఉంటుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. నకలు తీశామనుకోవడం వేరు, అది తెరుచుకోవడం వేరు. ఇంట్లో పిల్లల ల్యాప్‌టాప్‌లో టాలీ ప్రైమ్ దించుకుని ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరవండి. లైసెన్స్ అక్కర్లేదు. ఆ మోడ్‌లో నెలలో కొన్ని తేదీలకే ఎంట్రీ వేయనిస్తుంది కానీ పాత లెక్కలు చూడటానికి అడ్డం లేదు. వెర్షన్ మాత్రం మీ కొట్టులోదే, లేదా అంతకంటే కొత్తది ఉండాలి. బ్యాకప్‌ని రిస్టోర్ చేసి, నిన్నటి ఆఖరి బిల్లు నంబరూ నగదు నిల్వా కొట్టు సిస్టమ్‌తో సరిపోతున్నాయో లేదో చూడండి. సరిపోతేనే మూడో అడుగుకి వెళ్లండి.

జాగ్రత్త: రిస్టోర్ ఎప్పుడూ కొత్త ఖాళీ ఫోల్డర్‌లోకే చేయండి. అదే నంబరున్న కంపెనీ అక్కడ ముందే ఉంటే దానిమీద రాసేస్తుంది. నిన్నటి డేటా మీద మొన్నటి బ్యాకప్ పడి, ఒకరోజు బిల్లులన్నీ పోగొట్టుకునేది ఇలాగే.

మొత్తం మూడు నకళ్లు ఉండాలి. సిస్టమ్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒకటి, ఊరికి దూరంగా ఒకటి. ఈ మూడోది అనవసరం అనిపించొచ్చు. కానీ మనం ఉన్నది ఏ తీరమో గుర్తుంచుకోండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది గోపాలపూర్ దగ్గర. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని వరదలో ముంచింది. కొట్టూ ఇల్లూ ఒకే వీధిలో ఉన్నవాళ్లకి రెండు నకళ్లూ ఒకేసారి తడిసిపోతాయి. విశాఖలోనో విజయనగరంలోనో చుట్టాలుంటే ఒక డిస్క్ వాళ్లింట్లో పెట్టండి. లేదంటే గూగుల్ డ్రైవ్‌లో ఉచితంగా వచ్చే 15 జీబీ వాడుకోండి. టాలీ బ్యాకప్ చిన్న ఫైలే. 7–జిప్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పాస్‌వర్డ్ పెట్టి ఎక్కించండి, ఆ పాస్‌వర్డ్ నోటుపుస్తకంలో రాసుకోండి.

ఇక్కడో తప్పు తరచూ జరుగుతుంది. డేటా ఫోల్డర్‌ని డ్రైవ్‌తో సింక్ పెట్టి "బ్యాకప్ ఉంది" అనుకుంటారు. సింక్ అంటే అద్దం. ఇక్కడ ఫైలు చెడితే అక్కడా చెడిన ఫైలే కనిపిస్తుంది. కాబట్టి తేదీల వారీగా వేరు వేరు ఫైళ్లుగా పెట్టండి. పాతవి ఎన్నాళ్లు ఉంచాలంటే, జీఎస్టీ చట్టం ప్రకారం ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. ప్రతి మార్చి 31 బ్యాకప్‌ని మాత్రం ఎన్నేళ్లయినా చెరపొద్దు.

3. లైసెన్స్‌లు వెనక్కి ఇవ్వండి

టాలీ లైసెన్స్ సిస్టమ్‌కి కట్టేసి ఉంటుంది. డిస్క్ మార్చేముందు హెల్ప్ మెనూలోని సెట్టింగ్స్, లైసెన్స్‌లోకి వెళ్లి సరెండర్ చేయండి. కొత్త డిస్క్‌లో మళ్లీ యాక్టివేట్ చేసుకోవచ్చు. దీనికి రిజిస్టర్ చేసిన ఈమెయిల్ కావాలి. చాలా కొట్లలో ఆ మెయిల్ ఎప్పుడో మానేసిన అకౌంటెంట్ పేరు మీద ఉంటుంది. ఇప్పుడే చూసుకుని, అవసరమైతే ముందు అది మార్పించుకోండి. విండోస్ సంగతి వేరు. డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుకి గుర్తుండిపోతుంది, డిస్క్ మారినా పోదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీ అడిగితే "నా దగ్గర కీ లేదు" అన్నది ఎంచుకుని ముందుకెళ్లండి. ఇంటర్నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

4. ఎస్‌ఎస్‌డీ వేయండి

ప్లగ్ పీకేయండి. పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. సైడు తలుపు తీసి ముందు ఫొటో తీసుకోండి, ఏ వైరు ఎక్కడుందో తర్వాత వెతుక్కోనక్కర్లేదు. పాత డిస్క్ వైర్లు రెండూ తీసి ఎస్‌ఎస్‌డీకి పెట్టండి. బిగించడానికి సరైన బ్రాకెట్ లేకపోయినా కంగారు పడొద్దు. లోపల తిరిగే భాగాలేవీ ఉండవు, ఒక స్క్రూ మీద నిలబడినా చాలు.

రెండు దారులున్నాయి. పాతదాన్ని ఉన్నదున్నట్టు క్లోన్ చేయడం, లేదా విండోస్ కొత్తగా ఎక్కించడం. నా ఓటు కొత్తగా ఎక్కించడానికే. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త కూడా క్లోన్‌తో కలిసి వస్తుంది. కానీ సెటప్ ఫైలు ఎవరి దగ్గరా లేని పాత సాఫ్ట్‌వేర్ ఏదైనా మీ కొట్టులో నడుస్తుంటే క్లోన్ తప్పదు, అప్పుడు క్లోన్ అయ్యేదాకా పాత డిస్క్ కూడా తగిలించే ఉంచాలి. ఎస్‌ఎస్‌డీ కంపెనీ ఇచ్చే ఉచిత టూల్ గానీ, క్లోన్‌జిల్లా గానీ వాడొచ్చు. ఏది వాడినా "ఎక్కడి నుంచి, ఎక్కడికి" అన్న పేజీలో ఆగి డిస్క్ సైజులు చూసి మరీ నొక్కండి. తిరగబడితే ఖాళీ డిస్క్ వచ్చి మీ డేటా మీద కూర్చుంటుంది.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకేసి ఉంచండి. లేకపోతే సిస్టమ్ పాతదాంట్లోంచే బూట్ అయ్యి "ఎస్‌ఎస్‌డీ వేసినా స్లోగానే ఉంది" అనిపిస్తుంది. చాలామంది పడే పొరపాటే ఇది.

ర్యామ్ 4 జీబీ ఉంటే 8 చేయండి. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 పట్టదు. ర్యామ్‌లో ఇలా రకాలుంటాయి కాబట్టి పాత ర్యామ్ కర్ర తీసి షాపుకి పట్టుకెళ్లి అలాంటిదే తీసుకోండి.

5. ఏ విండోస్?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. సిస్టమ్ ఆగిపోదు, కొత్త సెక్యూరిటీ అప్‌డేట్‌లు మాత్రం మామూలుగా రావు. బ్యాంకు పనీ జీఎస్టీ పనీ చేసే సిస్టమ్‌కి అది చిన్న విషయం కాదు.

మీ ప్రాసెసర్ నంబరు చూడండి. ఐ3–4130 అంటే 4వ తరం, ఐ3–8100 అంటే 8వ తరం, ఐ3–10100 అంటే 10వ తరం. ఇంటెల్‌లో సుమారుగా 8వ తరం నుంచి విండోస్ 11 పడుతుంది. దాంతోపాటు టీపీఎం 2.0 (సిస్టమ్‌లో ఉండే భద్రతా సదుపాయం) కావాలి. అది ఉండి కూడా బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ఆపేసి ఉండొచ్చు, "లేదు" అని చూపిస్తే ముందు అక్కడ వెతకండి. పీసీ హెల్త్ చెక్ అనే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్ నడిపితే అదే చెబుతుంది.

8వ తరమో ఆ తర్వాతదో అయితే విండోస్ 11 వేసుకోండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటాకి తాళం వేయడం) దానంతటదే మొదలవ్వొచ్చు. 48 అంకెల రికవరీ కీ ఆ అకౌంట్‌లో ఉంటుంది. దాన్ని ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. మదర్‌బోర్డు పోయిన రోజున ఆ కాగితం లేకపోతే డిస్క్ బాగున్నా డేటా రాదు.

అంతకంటే పాతదైతే మూడు మార్గాలు. మొదటిది, విండోస్ 10లోనే పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్‌లకి నమోదు చేసుకోవడం. ఇంటి వాడకపు సిస్టమ్‌లకి ఇచ్చిన గడువు 2026 అక్టోబరు 13. వెర్షన్ 22హెచ్2 ఉండాలి, విండోస్ అప్‌డేట్ పేజీలోనే లింకు కనబడుతుంది. రెండోది, విండోస్‌కి బదులు లినక్స్ మింట్ వేసుకోవడం. పనంతా బ్రౌజర్లో, ఎక్సెల్ లాంటి షీట్లలో జరిగే కొట్టుకి ఇది చక్కగా సరిపోతుంది, ఖర్చు లేదు. కానీ టాలీ విండోస్‌కే. ఆధార్ వేలిముద్ర యంత్రాల సాఫ్ట్‌వేర్ కూడా మామూలుగా విండోస్, ఆండ్రాయిడ్ మీదే నడుస్తుంది. ఇంకా, జెరాక్స్ షాపుల్లో ఎక్కడ చూసినా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ లినక్స్‌లో ఏడిపిస్తుంది. మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే, ఇన్‌స్టాల్ చేయకుండా నడిపి చూడొచ్చు. మీ ప్రింటర్ నుంచి ఒక పేజీ వచ్చాకే నిర్ణయించుకోండి. మూడోది, కొత్త సిస్టమ్ కొనడం. టాలీ తప్పనిసరి, ప్రాసెసర్ 4వ తరం అంటే నా సలహా ఇదే. ఆ సిస్టమ్ మీద ఎస్‌ఎస్‌డీ ఖర్చు పెట్టినా నష్టం లేదు, కొత్తదాంట్లోకి మార్చుకోవచ్చు.

విండోస్ 11 షరతుల్ని తప్పించి పాత సిస్టమ్‌లో ఎక్కించే ఉపాయాలు యూట్యూబ్‌లో బోలెడు. ఇంట్లో సినిమాలు చూసుకునేదానికి సరే. కౌంటర్ మీది సిస్టమ్‌కి వద్దు.

6. బిల్లింగ్‌కి ఏ సాఫ్ట్‌వేర్?

మీ ఆడిటర్ ఏది వాడతారో ముందు అడగండి. ఆయన తెరవలేని సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదైనా ఏడాది చివర్లో టెన్షనే. ఆ తర్వాత వ్యాపారాన్ని బట్టి:

మందుల షాపుకి బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ప్రాణం. మార్గ్ లాంటివి దానికోసమే చేసినవి. చిన్న కిరాణా, ఫ్యాన్సీ షాపులకి వ్యాపార్ లాంటిది ఫోన్లోనూ సిస్టమ్‌లోనూ నడుస్తుంది. సరుకు తయారుచేసి టోకుగా అమ్మేవాళ్లకి, అప్పుల లెక్క పెద్దదిగా ఉండేవాళ్లకి టాలీ, బిజీ లాంటివి నయం. జోహో బుక్స్ బ్రౌజర్లో నడుస్తుంది, సిస్టమ్ పాతదైనా ఫర్వాలేదు. కాని నెట్ పోతే కౌంటర్ ఆగుతుంది. గుణుపురం, మోహన లాంటి చోట్ల కొట్టు పెట్టినవాళ్లు రెండు కంపెనీల సిమ్‌లు దగ్గర పెట్టుకుంటే తప్ప దాని జోలికి వెళ్లొద్దు. టర్నోవర్ 5 కోట్లు దాటితే ఈ–ఇన్వాయిస్ (బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) తప్పనిసరి కాబట్టి ఆ సదుపాయం ఉందో లేదో చూడండి.

కొనేముందు అమ్మేవాణ్ని ఒక్క మాట అడగండి. "వచ్చే ఏడాది డబ్బు కట్టకపోతే నా పాత బిల్లులు నాకు కనబడతాయా, ఎక్సెల్‌లోకి తీసుకోగలనా?" సూటిగా జవాబు రాకపోతే కొనొద్దు.

ఆఫీస్ పనికి లిబ్రేఆఫీస్ ఉచితం. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు తెరుస్తుంది. మాక్రోలు పెట్టిన షీట్లు మాత్రం సరిగ్గా నడవకపోవచ్చు. దొంగ ఆఫీసూ, దొంగ యాక్టివేటరూ వేయించుకోవద్దు. అది వేయడానికి మెకానిక్ ముందు యాంటీవైరస్ ఆపుతాడు చూశారా, అక్కడే అర్థమైపోవాలి.

సాఫ్ట్‌వేర్ ఎక్కించాక సరిహద్దు కొట్లు తప్పక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. మన కంపెనీ వివరాల్లో రాష్ట్రం ఒడిశా, కోడ్ 21 అని ఉందో లేదో చూడండి. పాతపట్నం, ఇచ్ఛాపురం వైపు పార్టీ జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది. పార్వతీపురం పార్టీది కూడా 37. ఛత్తీస్‌గఢ్ వైపు 22, తెలంగాణ 36. ఆంధ్రా పార్టీకి సరుకు పంపినట్టు ఒక ఉత్తుత్తి బిల్లు వేయండి, ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే సరుకు మీది పన్ను) రావాలి. ఒడిశా పార్టీకి వేయండి, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (కేంద్రం వాటా, రాష్ట్రం వాటా) సగం సగం రావాలి. పాత పార్టీ వివరాల్లో ఆంధ్రా కోడ్ 28 అని ఉంటే అది విభజనకి ముందుది, మార్చేయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి దాదాపు అన్ని సరుకులకీ జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు పోయాయి. సరుకుల పట్టికలో ఇంకా ఆ రేట్లు కనబడితే ఆడిటర్‌ని అడిగి సరిచేసుకోండి. పరీక్ష బిల్లులు చెరపడం మర్చిపోవద్దు, నంబరు వరస తప్పుతుంది. ఆ గొడవ లేకుండా ఉండాలంటే పరీక్షలన్నీ కంపెనీ నకలు మీద చేయండి.

7. తెలుగు, ఒడియా టైపింగ్

డీటీపీ, జెరాక్స్ సెంటర్ల వాళ్లకి అసలు తలనొప్పి ఇక్కడే. ఒకే కార్డు మీద ఒక వైపు తెలుగు, ఇంకో వైపు ఒడియా, కింద ఇంగ్లీషు. తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి లేదా శ్రీలిపి, పేజీ కూర్చడానికి పేజ్‌మేకర్ 7... ఇది పాత పద్ధతి. ఆ పాత ఫాంట్లు యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షర పద్ధతి) కాదు. ఇంగ్లీషు అక్షరాల మీద తెలుగు బొమ్మలు అంటించినట్టు పనిచేస్తాయి. ఫాంట్ లేని చోట పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి.

పరీక్ష తేలిక. టైపు చేసింది కాపీ చేసి వాట్సాప్‌లో వేయండి. తెలుగుగానే కనిపిస్తే యూనికోడ్, గజిబిజి ఇంగ్లీషైతే పాతది.

కొత్త పనికి యూనికోడ్‌కి మారండి. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి తెలుగు, ఒడియా రెండూ చేర్చండి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో కొట్టే అలవాటున్నవాళ్లకి ఫొనెటిక్ కీబోర్డు రెండు భాషలకీ ఉంది. కానీ రోజంతా టైపు చేసేవాళ్లకి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక నేర్చుకోమంటాను. అందులో ఏ భాష అయినా ఒకే ధ్వనికి ఒకే కీ. తెలుగు "క" ఏ కీ మీద ఉందో ఒడియా "క" కూడా అదే కీ మీద. తెలుగు చేతివాటం వస్తే ఒడియా సగం వచ్చినట్టే. హ్రస్వ "ఎ", "ఒ" ఒడియాలో లేవు, ఆ కీల దగ్గర మాత్రం చూసుకోవాలి. మొదటి రెండు వారాలు స్పీడు పడిపోతుంది, పెళ్లిళ్ల సీజన్‌లో మొదలుపెట్టకండి.

ఫాంట్లకి నిర్మల రెండు లిపులకీ విండోస్‌లోనే ఉంది. కార్డుల అందానికి రామభద్ర, మండలి, మల్లన్న, సురన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఒడియాకి నోటో ఉంది. పేజ్‌మేకర్ యూనికోడ్ తెలుగుని పట్టదు. దానికి బదులు ఇన్‌డిజైన్ వాడొచ్చు, అందులో వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయకపోతే వత్తులు విడిపోతాయి. ఉచితంగా కావాలంటే స్క్రైబస్ కొత్త వెర్షన్. మామూలు కార్డులూ కరపత్రాలూ అయితే లిబ్రేఆఫీస్ రైటరే చాలు.

పాత ఫైళ్ల సంగతి? అన్నీ మార్చాలని చూడొద్దు. పాత సిస్టమ్ ఇంకా నడుస్తుంటే నెట్ కేబుల్ పీకేసి, పేజ్‌మేకర్ కోసమే ఒక మూల ఉంచండి. మళ్లీ మళ్లీ వాడే మ్యాటర్ మాత్రం కన్వర్టర్‌తో యూనికోడ్ చేసుకుని, కాగితం మీద ప్రింట్ తీసి చదవండి. వత్తులూ కొటేషన్ గుర్తులూ తారుమారవుతాయి. పెళ్లికూతురి పేరులో వత్తు పోతే కార్డులన్నీ మళ్లీ కొట్టాల్సిందే.

కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు పెట్టేచోట ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోండి, ఆటోప్లే ఆపేయండి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా కనబడితే వాటి మీద నొక్కొద్దు, ముందు స్కాన్ చేయండి. జనం పంపిన ఆధార్ కాపీలు డౌన్‌లోడ్స్‌లో పేరుకుపోకుండా రోజూ రాత్రి చెరిపేయండి. బిల్లింగ్ సిస్టమ్, జనం ఫైళ్లు తెరిచే సిస్టమ్ వేరు వేరుగా ఉంటే మరీ మంచిది.

8. ప్రింటరు, కరెంటు

లేజర్ ప్రింటర్‌ని యూపీఎస్‌కి పెట్టొద్దు. వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటుకి చిన్న యూపీఎస్ ట్రిప్పవుతుంది. యూపీఎస్ మీద సీపీయూ డబ్బా, మానిటర్, రూటర్ చాలు. బ్యాటరీ రెండు మూడేళ్లకి దిగిపోతుంది. ఉరుములప్పుడు ప్లగ్‌తోపాటు నెట్ కేబుల్ కూడా పీకండి.

చిన్న థర్మల్ బిల్లు ప్రింటర్‌లో తెలుగు ప్రశ్నార్థకాలుగా పడుతుంటే ప్రింటర్ పాడవలేదు. అందులో తెలుగు ఫాంట్ లేదు, అంతే. సాఫ్ట్‌వేర్‌లో టెక్స్ట్ మోడ్ తీసి గ్రాఫిక్స్ మోడ్ పెడితే వస్తుంది, కొంచెం నెమ్మదిగా.

9. పని అయ్యాక చూసుకోవాల్సినవి

- ఆన్ చేసిన నిమిషంలోపు బిల్లింగ్ తెరుచుకోవాలి. అలా కాకపోతే పాత డిస్క్ నుంచి బూట్ అవుతోందేమో చూడండి.
- ఆఖరి బిల్లు నంబరు, నగదు నిల్వ, సరుకు నిల్వ మీరు నోటుపుస్తకంలో రాసుకున్న వాటితో సరిపోవాలి.
- పాత ఏడాది బిల్లులు కొన్ని తెరిచి చూడండి.
- ఒక తెలుగు పేజీ, ఒక ఒడియా పేజీ, ఒక థర్మల్ బిల్లు ప్రింట్ తీయండి.
- జీఎస్టీ సైటులో లాగిన్ అవ్వండి. డిజిటల్ సంతకం టోకెన్ ఉంటే పెట్టి చూడండి.
- యూపీఎస్ ప్లగ్ పీకి, సిస్టమ్ పది నిమిషాలు నిలబడుతోందో చూడండి. అప్పుడు బిల్లు మాత్రం తెరిచి ఉంచొద్దు.
- మర్నాడు కొత్త డిస్క్ నుంచి ఒక బ్యాకప్ తీసి, అది కూడా ల్యాప్‌టాప్‌లో తెరిచి చూడండి.

పాత హార్డ్ డిస్క్‌ని వెంటనే ఫార్మాట్ చేయొద్దు, పాతసామాన్లవాడికి ఇవ్వొద్దు. దాని మీద తేదీ, "ముట్టుకోవద్దు" అని రాసి కనీసం ఒక జీఎస్టీ త్రైమాసికం గడిచేదాకా పక్కన పెట్టండి. మర్చిపోయిన ఫైలు ఏదో ఒకటి ఆలోపు తప్పకుండా గుర్తొస్తుంది.